చీటీలో పేరొస్తే ఆరోజుకు అధ్యక్షుడు

క్రీ.పూ. 406లో ఒకరోజు ఏథెన్స్ ప్రజాసభకు అధ్యక్షత వహించింది సోక్రటీస్. ఆయన శిష్యుడు జెనోఫోన్ ఈ సంగతి రాసిపెట్టాడు. సోక్రటీస్ ఆ పదవికి పోటీ పడలేదు, ఎవరూ ఆయన్ని ఎన్నుకోనూ లేదు. చీటీలో పేరొచ్చింది, అంతే. మర్నాటికి ఆ కుర్చీ ఇంకొకరిది.

సరిగ్గా ఆరోజే సభ ముందుకు ఒక చిక్కు కేసు వచ్చింది. ఆర్గినూసే దీవుల దగ్గర స్పార్టా నౌకాదళాన్ని ఏథెన్స్ ఓడించింది. కానీ గెలిచాక తుఫాను లేచి, పగిలిన ఓడల్లో చిక్కుకున్న సొంత మనుషుల్ని కాపాడలేకపోయారు. తప్పంతా సేనాపతులదేనని ఊళ్లో జనం మండిపడ్డారు. ఎనిమిది మందినీ కలిపి ఒకే ఓటుతో తేల్చేద్దామని ఎవరో ప్రతిపాదించారు. అలా మూకుమ్మడిగా తీర్పు చెప్పడం చట్టానికి విరుద్ధం. ఆ మాట అంటే, ప్రజలు చేయాలనుకున్నది చేయనివ్వరా అని సభ ఒక్కసారిగా అరిచింది. సోక్రటీస్‌తో పాటు వేదిక మీదున్నవాళ్లు జడిసి తగ్గిపోయారు. ఆయన మాత్రం ఒప్పుకోలేదు. ఒప్పుకోకపోయినా ఫలితం మారలేదు. ఊళ్లో ఉన్న ఆరుగురు సేనాపతులనూ చంపేశారు. వాళ్లలో ఏథెన్స్‌ పేరుమోసిన నాయకుడు పెరిక్లీస్ కొడుకూ ఉన్నాడు. కొన్నాళ్లకు కోపం దిగాక జనమే నాలుక కరుచుకుని, తమను రెచ్చగొట్టినవాళ్ల మీద కేసులు పెట్టారు.

గ్రీకు రాజకీయ తత్వం అనగానే ప్లేటో చెప్పిన తత్వవేత్త రాజు, అరిస్టాటిల్ చెప్పిన ఆరు రకాల ప్రభుత్వాలు, పరీక్ష కోసం బట్టీ పట్టిన పట్టిక గుర్తొస్తాయి. ఆ పట్టికలో కనపడనిది ఒకటుంది. ఆ తత్వవేత్తలు గాల్లో వాదించుకోలేదు. చీటీ తీసి పదవులు పంచే ఒక ఊరు వాళ్ల కళ్ల ముందు రోజూ నడుస్తోంది. దాన్ని చూసి కొందరికి ఒళ్లు మండింది, కొందరికి ముచ్చటేసింది. పాలన అనేది నేర్చుకున్నవాడే చేయగల విద్యా, లేక ఊళ్లో ఉన్న ప్రతివాడికీ వాటా ఉన్న ఉమ్మడి పనా? వాళ్ల తగాదాలో సింహభాగం ఈ ఒక్క ప్రశ్న చుట్టూ తిరిగిందే.

చీటీ అన్నది మన మాట. అక్కడ కాగితం లేదు, చీటీలూ లేవు. మొదట్లో వాడినవి చిక్కుడు జాతి గింజలు. అందుకే చీటీలో నెగ్గినవాణ్ణి గింజతో పదవి వచ్చినవాడు అనేవాళ్లు. తర్వాత రాతితో ఒక యంత్రమే చేసుకున్నారు. దాని ముక్కలు ఏథెన్స్ పాత సంతవీధి అగోరాలో తవ్వకాల్లో దొరికాయి, ఇప్పుడు అక్కడి మ్యూజియంలో ఉన్నాయి. నిలువుగా నిలబెట్టిన పాలరాతి పలక. దాని మీద అడ్డంగా వరసలు వరసలుగా సన్నని గాట్లు. న్యాయమూర్తిగా పేరు నమోదైన ప్రతి పౌరుడి దగ్గరా కంచు రేకు ఒకటి ఉంటుంది, దాని మీద అతని పేరు, ఊరి పేరు చెక్కి ఉంటాయి. న్యాయస్థానంలో కూర్చోవాలనుకున్నవాళ్లు పొద్దున్నే వచ్చి రేకులు ఇస్తే వాటిని ఆ గాట్లలో గుచ్చుతారు. పలక పక్కనున్న గొట్టంలోకి తెల్లవీ నల్లవీ గోళీలు కలిపి పోస్తారు. కింద ఒక్కో గోళీ జారుతుంది. తెల్లది పడితే ఆ అడ్డువరస మొత్తం ఆరోజు న్యాయమూర్తులు. నల్లది పడితే ఆ వరస మొత్తం రేకులు తీసుకుని ఇంటికి.

ఎవరు ఏ కేసు వింటారో ఆ పూట దాకా ఎవరికీ తెలియదు. కాబట్టి ముందు రోజు రాత్రి ఎవరింటికి డబ్బు సంచి పంపాలో కూడా తెలియదు. ఓటు వేయడానికి రెండు కంచు బిళ్లలు ఇస్తారు. ఒకదాని నడిమి ఇరుసు బోలుగా, ఇంకోదానిది గట్టిగా ఉంటుంది. బోలుది ఫిర్యాదీకి, గట్టిది ముద్దాయికి. బొటనవేలు, చూపుడువేలు ఇరుసు రెండు చివర్లా ఆన్చి పట్టుకుంటే ఏ బిళ్ల వేశాడో పక్కవాడికి కనపడదు. మనుషుల మీద నమ్మకంతో కట్టిన ఏర్పాటు ఇది అనుకుంటే పొరపాటు. మనుషుల్ని బాగా ఎరిగినవాళ్లు కట్టినది.

క్రీ.పూ. 508 ప్రాంతంలో క్లైస్థెనీస్ అక్కడి జనాన్ని పది కొత్త తెగలుగా విడగొట్టాడు. పెద్ద కుటుంబాల పట్టు సడలాలని తీరం ఊళ్లనీ, లోపలి ఊళ్లనీ, నగరం పేటలనీ కలగలిపి ఒక్కో తెగ కట్టాడు. తెగకు 50 మంది చొప్పున 500 మందితో మండలి. ఏడాదిలో పదో వంతు కాలం ఒక్కో తెగ తాలూకు 50 మంది రోజువారీ వ్యవహారాలు చూస్తారు. వాళ్లలోంచి రోజుకొకరు అధ్యక్షుడు. ఒక పగలు, ఒక రాత్రి ఖజానా తాళాలు, ప్రభుత్వ ముద్ర అతని దగ్గరే. జీవితంలో ఒక్కసారే ఆ యోగం. మండలి సభ్యత్వం కూడా రెండుసార్లకు మించి రాదు. అలా చెప్పులు కుట్టేవాడికీ, ఆలివ్ తోట రైతుకూ ఎప్పుడో ఒకసారి వంతు రావాల్సిందే.

అన్నిటికీ చీటీ వేశారనుకోకూడదు. యుద్ధం నడిపే పదిమంది సేనాపతులను చేతులెత్తి ఎన్నుకునేవాళ్లు, ఎన్నిసార్లయినా ఎన్నుకోవచ్చు. పెరిక్లీస్ దాదాపు 15 ఏళ్లు వరసగా గెలిచాడు. ఎన్నికతో నింపిన పోస్టుల్లో ఇంకోటి, ఊటబావులు చూసుకునే అధికారిది. ఖజానా తాళాలు చీటీకి వదిలేసిన జనం నీళ్ల దగ్గరికొచ్చేసరికి రిస్క్ తీసుకోలేదు!

చీటీలో పేరొచ్చినంత మాత్రాన పదవి చేతికి రాదు. ముందు కొన్ని ప్రశ్నలకు జవాబు చెప్పాలి. మీ నాన్న ఎవరు, ఏ ఊరు? తాత ఎవరు? తల్లి ఎవరు, ఆమె తండ్రి ఎవరు? మీ ఇంటి దేవుళ్ల గుడి ఎక్కడుంది? మీ కుటుంబం సమాధులు ఎక్కడున్నాయి? అమ్మానాన్నలను బాగా చూసుకుంటున్నావా? పన్ను కడుతున్నావా? యుద్ధానికి రమ్మన్నప్పుడు వెళ్లావా? ఇవయ్యాక, ఇతని మీద ఎవరైనా అభ్యంతరం చెబుతారా అని అందరినీ అడుగుతారు. ఆర్కాన్ అనే పెద్ద అధికారి పదవికి పరీక్ష ఇలా సాగేదని అరిస్టాటిల్ పేరుతో ఉన్న గ్రంథం చెబుతుంది. ఈ పని నీకు వచ్చా అన్న ప్రశ్న ఇందులో ఎక్కడా లేదు. పెళ్లి సంబంధం చూసేటప్పుడు అడిగే ప్రశ్నల్లా ఉన్నాయి ఇవి. ఊరికీ నీకూ ఏం సంబంధం, ఇంట్లో ఎలాంటివాడివి, ఆపదొస్తే నిలబడతావా? ఇవి తేలితే చాలు, మిగతాది నలుగురితో కలిసి పనిచేస్తూ నేర్చుకుంటాడని వాళ్ల లెక్క. పదవీకాలం అయ్యాక ఎలాగూ లెక్కలు అప్పజెప్పాలి. తేడా వస్తే కోర్టే.

ఇక్కడ ఒక మాట తేల్చుకోవాలి. గ్రీకులు పోలిస్ అన్నదాన్ని తెలుగులో నగరరాజ్యం అని రాస్తున్నాం. అర్థం తప్పు కాదు గానీ రుచి పోయింది. రాజ్యం అంటే ఎక్కడో పైన కూర్చున్న అధికారం, దానికింద జనం. పోలిస్‌లో ఆ పైనా కిందా లేవు. ఊరు అన్న మాట దానికి దగ్గరగా వస్తుంది. ఊరు పెద్దది అంటే స్థలం, ఊరంతా కదిలింది అంటే మనుషులు. గ్రీకులు కూడా అలాగే, యుద్ధం ప్రకటించింది ఏథెన్స్ అనరు, ఏథెన్స్ వాళ్లు అంటారు. సిసిలీలో ఓడిపోయి వెనక్కి నడుస్తున్న సైనికులతో సేనాపతి నికియాస్ అన్న మాట థుసిడిడీస్ చరిత్రలో ఉంది. ఊరంటే మనుషులే, మనుషుల్లేని గోడలూ ఓడలూ కావు అని.

ఊరంటే మనుషులే అయితే, ఊరి పని ఎవరిది? ప్లేటో రాసిన ఒక సంభాషణలో సోక్రటీస్ ఇదే మాట ప్రొటాగరస్‌ను అడుగుతాడు. ఈ ప్రొటాగరస్ డబ్బు తీసుకుని పౌరజీవితం నేర్పిస్తానని ఊరూరా తిరిగే పండితుడు. సోక్రటీస్ అనేదేమంటే, సభలో ఓడ కట్టే సంగతి వస్తే ఓడలు కట్టేవాళ్లనే పిలుస్తారు. ఏమీ తెలియనివాడు లేచి మాట్లాడబోతే ఎంత గొప్పింటివాడైనా ఎగతాళి చేసి కూర్చోబెడతారు. అదే ఊరి వ్యవహారం అనేసరికి కమ్మరీ లేస్తాడు, చెప్పులు కుట్టేవాడూ లేస్తాడు, ఉన్నవాడూ లేనివాడూ లేస్తాడు. నువ్వెక్కడ నేర్చుకున్నావని ఒక్కరూ అడగరు. అంటే ఇది నేర్పే విద్య కాదనేగా?

ప్రొటాగరస్ ఒక కథతో జవాబిస్తాడు. మనుషులకు నిప్పు దొరికింది, పనితనాలు వచ్చాయి, కానీ కలిసి బతకడం చేతకాక ఒకరినొకరు పొడుచుకుంటున్నారు. జాతి అంతరిస్తుందేమోనని జ్యూస్ దేవుడు హెర్మిస్ చేత సిగ్గునీ, న్యాయాన్నీ కిందికి పంపిస్తాడు. ఎలా పంచమంటారు అని హెర్మిస్ అడుగుతాడు. వైద్యంలాగా పదిమందికి ఒకరు చాలా, లేక అందరికీ ఇవ్వనా? అందరికీ, అంటాడు జ్యూస్. వైద్యంలాగా కొద్దిమందికే ఇస్తే ఊళ్లు నిలబడవు. ప్రజాస్వామ్యాన్ని సమర్థిస్తూ ప్రాచీన గ్రీసు నుంచి మనకు మిగిలిన వాదనల్లో ఇంత సూటిగా ఉన్నది ఇంకోటి కనపడదు. దాన్ని భద్రంగా రాసిపెట్టింది ప్రజాస్వామ్యం అంటే గిట్టని ప్లేటో కావడం ఒక వింత.

ప్లేటోకు గిట్టకపోవడానికి కారణాలు ఇంటి దగ్గరే ఉన్నాయి. క్రీ.పూ. 404లో ఏథెన్స్ స్పార్టాకు లొంగిపోయాక ముప్పైమంది ధనికుల ముఠా అధికారం పట్టింది. దాని నాయకుడు క్రిటియస్, ప్లేటో తల్లికి దగ్గరి బంధువు. వాళ్లు నెలల వ్యవధిలో 1,500 మందిని చంపించారు. మరుసటి ఏడు ప్రజాస్వామ్యం తిరిగొచ్చి, పాత కక్షలు తవ్వొద్దని అందరికీ క్షమాభిక్ష పెట్టింది. అంత పెద్దమనసు చూపిన ఆ ఊరే 399లో సోక్రటీస్‌కు విషం ఇచ్చింది. ముప్పై ఓట్లు అటు నుంచి ఇటు పడి ఉంటే ఆయన బయటపడేవాడు.

ప్లేటో తన ఒళ్లుమంటని ఒక ఓడ కథలో పెట్టాడు. ఓడ యజమాని ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషే, కాకపోతే కాస్త చెవుడు, చూపు అంతంతమాత్రం, సముద్రం సంగతి తెలిసింది ఇంకా తక్కువ. నావికులు చుక్కాని నాకంటే నాకని తన్నుకుంటారు. ఓడ నడపడం అసలు నేర్చుకునే విద్యే కాదంటారు. యజమానికి మత్తు పట్టించి, సరుకంతా తాగి తిని, ఓడని ఎటో పోనిస్తారు. చుక్కలు చూసి, గాలి చూసి దారి చెప్పగలిగినవాడు ఒకడుంటే, వాణ్ణి ఆకాశం చూసే వాగుడుకాయ అంటారు. యజమాని అంటే జనం, నావికులు నాయకులు. కథలో ప్రతి గీతా సరిగ్గా పడింది. ఒక్కటి మాత్రం దాటేశాడు. ఓడ నడిపేవాడికి దారి తెలుస్తుంది, నిజమే. కానీ ఏ రేవుకు పోవాలో అతను చెప్పడు, ఎక్కినవాళ్లు చెబుతారు. దానికి కూడా ప్లేటో దగ్గర జవాబుంది. మంచి అనేది ఒకటే, అది చూసినవాడికి ఏ రేవుకు వెళ్లాలో కూడా తెలుసు అంటాడు. ఆ మాట నమ్మితే తత్వవేత్త రాజు వరకూ ఆగకుండా వెళ్లిపోవచ్చు. నమ్మకపోతే మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతాం.

సభ తప్పు చేస్తుందని చూపించడానికి ఆర్గినూసే చాలు. కానీ పక్కన ఇంకో కేసు పెట్టి చూడాలి. క్రీ.పూ. 427లో, ఏథెన్స్ మీద తిరుగుబాటు చేసిన మిటిలీని ఊరు ఓడింది. మగవాళ్లనందరినీ చంపండి, ఆడవాళ్లనూ పిల్లలనూ బానిసలుగా అమ్మండి అని సభ తీర్మానించి ఓడ పంపేసింది. రాత్రి గడిచింది. పొద్దున్నే చాలామందికి మనసు పీకింది, మళ్లీ సభ పెట్టించారు. మాట మార్చడం చేతకానితనం అన్నాడు క్లియోన్. తొందర, కోపం రెండూ మంచి ఆలోచనకు శత్రువులన్నాడు డయోడోటస్. చేతులు లెక్కపెడితే కొద్ది తేడాతో డయోడోటస్ నెగ్గాడు. రెండో ఓడ బయల్దేరింది, కానీ మొదటిది అప్పటికే ఒక పగలూ రాత్రీ ముందుంది. తెడ్డు వేసేవాళ్లు సారా, నూనె పోసి కలిపిన బార్లీ పిండి ముద్దలు తెడ్డు వదలకుండానే తిన్నారు, వంతులవారీగా నిద్రపోయారు. మొదటి ఓడవాళ్లు అలాంటి పాడు పనికి తొందరపడలేదు. అక్కడ అధికారి మొదటి ఆజ్ఞ చదివి అమలుకు సిద్ధమవుతుండగా రెండో ఓడ రేవులోకి వచ్చింది. తిరుగుబాటు నడిపినవాళ్లను తర్వాత ఎలాగూ చంపారు, కాబట్టి దీన్ని దయాగుణం కథగా చెప్పుకోనక్కర్లేదు. సొంత తీర్మానాన్ని మర్నాడే తిరగేయగల పద్ధతి ఒకటి ఆ ఊళ్లో ఉంది, అంతవరకు నిజం. తప్పే చేయని రాజు కోసం వెతికిన ప్లేటో ఆదర్శ నగరంలో అలాంటి దారికి చోటు లేదు.

అరిస్టాటిల్ సంగతి వేరు. స్టజైరా అనే చిన్న ఊరి నుంచి పదిహేడేళ్లప్పుడు వచ్చి ప్లేటో దగ్గర ఇరవై ఏళ్లు ఉన్నాడు. బతికిన కాలంలో సగానికి పైగా ఏథెన్స్‌లోనే గడిపినా అక్కడ ఆయన పరదేశి. ఓటు లేదు, భూమి కొనే హక్కు లేదు. పౌరుడంటే తీర్పు చెప్పడంలోనూ పదవుల్లోనూ వాటా ఉన్నవాడు అని నిర్వచించిన మనిషికి ఆ నిర్వచనం ప్రకారం ఆ ఊళ్లో చోటు లేదు. బహుశా అందుకే ఆ ఊరిని వైద్యుడు రోగిని చూసినట్టు చూడగలిగాడు. ఆయన బృందం 158 ఊళ్ల పాలనా పద్ధతులు సేకరించిందని చెబుతారు. వాటిలో ఏథెన్స్‌ది ఒక్కటే దాదాపు పూర్తిగా మిగిలింది. అదీ ఈజిప్టులో, ఎవరో భూస్వామి పొలం లెక్కలు రాసుకున్న పపైరస్ చుట్టల వెనక వైపు. లండన్‌లో 1891లో అచ్చయింది. చీటీ గురించీ, కంచు బిళ్లల గురించీ పైన చెప్పుకున్న వివరాల్లో చాలా భాగం ఆ పొలం లెక్కల వెనక నుంచి వచ్చినవే.

పాలన విద్యే అని ఒప్పుకుంటూనే అరిస్టాటిల్ ప్లేటో వాదనకు గండి కొట్టాడు. ఇల్లు బాగుందో లేదో కట్టిన మేస్త్రీ కంటే కాపురం ఉండేవాడికి బాగా తెలుస్తుంది. విందు ఎలా ఉందో చెప్పాల్సింది వంటవాడు కాదు, తిన్నవాడు. కాబట్టి పాలన కింద బతికేవాళ్లకు పాలనను తూచే హక్కుంది. ఇంకో మాట కూడా అన్నాడు. ఒక్కరి ఖర్చుతో పెట్టిన విందు కంటే తలా ఒకటి తెచ్చిన విందు బాగుంటుంది. కార్తీక వనభోజనాలకు వెళ్లినవాళ్లకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. విడివిడిగా ఎవరి వంటా గొప్పది కాకపోవచ్చు, ఆకు మాత్రం నిండుతుంది. అయితే ఏ గుంపైనా ఇలా ఉంటుందని ఆయన అనలేదు. కొన్ని గుంపులు పశువుల మందకు ఏమంత తేడా కావని కూడా అదే చోట రాశాడు. సామాన్యులు అధికారులను ఎన్నుకోవాలి, లెక్కలు అడగాలి, పెద్ద పదవులు మాత్రం వాళ్లకు ఒక్కొక్కరుగా ఇవ్వకూడదు అన్న దగ్గర ఆగాడు.

ఇప్పటివాళ్లకు తల తిరిగే మాట ఆయనదే ఇంకోటుంది. పదవులకు చీటీ వేయడం ప్రజాస్వామ్యం, ఎన్నిక పెట్టడం ధనికస్వామ్యం అంటాడు. ఎన్నికల్లో గెలిచేది పేరున్నవాడు, డబ్బున్నవాడు, మాటకారి. చీటీకి ఇవేవీ పట్టవు. మన పంచాయతీ ఎన్నికల్లో ఇద్దరికీ సమానంగా ఓట్లు పడితే చీటీ రాసి డ్రా తీస్తారు, అదృష్టం వరించింది అని పేపర్లో ఫొటో వేస్తారు. మనకు చీటీ అంటే ఇంకే దారీ లేనప్పటి చివరి మార్గం. వాళ్లకు మొదటి మార్గం. ధనికస్వామ్యం, ప్రజాస్వామ్యం అన్నవి తలల లెక్క కాదని కూడా అరిస్టాటిల్ తేల్చాడు. ఉన్నవాళ్లు ఏలితే అది ధనికస్వామ్యం, లేనివాళ్లు ఏలితే ప్రజాస్వామ్యం. లేనివాళ్లు ఎక్కువమంది కావడం లోకం తీరు, అంతే.

ఈ ఉమ్మడి ఊరిలో ఉమ్మడి ఎంతవరకు అన్న దగ్గర గురుశిష్యులకు అస్సలు కుదరలేదు. ప్లేటో తన ఆదర్శ నగరంలో పాలకులకు సొంత ఆస్తి, సొంత కుటుంబం రెండూ వద్దన్నాడు. పిల్లలంతా అందరికీ పిల్లలే. అరిస్టాటిల్ జవాబు మన సామెతలో ముందే ఉంది, ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చింది అని. ఎక్కువమంది సొత్తుకు తక్కువ ఆలనా పాలనా అంటాడాయన. వెయ్యిమందికి కొడుకైనవాణ్ణి వెయ్యిమందీ పట్టించుకోరు, ఆ కొడుకుతనం కంటే ఒకరికి సొంత పెదనాన్న కొడుకుగా ఉండటం మేలు. తీపి సారా ఒక చుక్క బిందెడు నీళ్లలో కలిపితే ఏం రుచి?

ఇన్ని చెప్పినా ఆ ఊరి తలుపు చాలామందికి మూసే ఉంది. ఆడవాళ్లు లేరు, బానిసలు లేరు, అరిస్టాటిల్ లాంటి పరదేశులు లేరు. క్రీ.పూ. 451లో పెరిక్లీస్ చట్టం చేశాక తల్లిదండ్రులిద్దరూ ఏథెన్స్ వాళ్లయితేనే పౌరుడు. కొందరు పుట్టుకతోనే బానిసలని అరిస్టాటిల్ వాదించాడు. ఎంత గౌరవం ఉన్నవాళ్లకైనా ఆ పేజీలు చదువుతుంటే చిరాకేస్తుంది. ప్రజాస్వామ్యం గిట్టని ప్లేటో మాత్రం, తగిన ఆడవాళ్లు పాలకులు కావచ్చన్నాడు.

చివరి రోజుల్లో ప్లేటో మళ్లీ ఒక నగరం కట్టాడు, ఈసారి క్రీట్ దీవిలో, కాగితం మీద. 5,040 కుటుంబాలు. ఒకటి నుంచి పది వరకు ఏ అంకెతో భాగించినా శేషం రాదు కాబట్టి పంపకాలకు సుళువని ఆ లెక్క ఎంచుకున్నాడు. తత్వవేత్త రాజు ఊసు ఇందులో లేదు, చట్టమే రాజు. పాలక మండలిలో 360 మంది. వాళ్లను ఎంచే పద్ధతి చాంతాడంత ఉంటుంది. ఆస్తిని బట్టి చేసిన నాలుగు తరగతుల నుంచి తరగతికి 180 మందిని ఎన్నుకోవాలి, ఆ తర్వాత వాళ్లలో సగం మందిని చీటీ వేసి తీయాలి. యోగ్యతను బట్టి ఇవ్వడమే అసలైన సమానత్వమని అక్కడ కూడా అంటాడు. కానీ జనం ఊరుకోరు, కాబట్టి చీటీ సమానత్వాన్ని కూడా కొంత వాడక తప్పదట. అలా వాడేటప్పుడు అది న్యాయం వైపే పడేలా చూడమని దేవుణ్ణీ అదృష్టాన్నీ వేడుకోవాలి, అంటాడు ఆ సంభాషణలో ఏథెన్స్ నుంచి వచ్చిన ఒక ముసలాయన. ఆయనకు ప్లేటో పేరు పెట్టలేదు.